గంట కొట్టేదాకా

మెడికల్ కాలేజీలో ఆవిణ్ణి అందరూ ఏడుపు పిన్ని అనేవాళ్ళు. కాబోయే డాక్టర్లకి రోగులతో మాట్లాడటం వచ్చో రాదో చూసే పరీక్షలో రోగిగానో, రోగి బంధువుగానో నటించడం ఆవిడ పని. కుళాయి తిప్పినట్టు ఏడ్చేది. పరీక్ష పెట్టే మేడమ్ బల్లమీది గంట కొట్టగానే కళ్ళు తుడుచుకుని, "బాగా చెప్పావు నాన్నా, కానీ అలా నిలబడి చెప్తే ఎలా?" అని నవ్వేది. గంట కొట్టేదాకా మాత్రం పైకప్పు ఊడిపడినా వేషం వదలకూడదు. అదీ అక్కడి నియమం.

ఆ రోజు వేషం, ఆపరేషన్లో మొగుణ్ణి పోగొట్టుకున్న ఇల్లాలు. సరిగ్గా పై అంతస్తులో పిన్ని మొగుడికి నిజంగానే ఆపరేషన్.

"నీకేమైనా మతిపోయిందా? తథాస్తు దేవతలుంటారే!" అని ఫోన్లో అక్క తిట్టిపోసింది.

"పోవే, చిన్న ఆపరేషనే. బయట కూర్చుని గోళ్ళు కొరుక్కునేకంటే ఇదే నయం" అంది పిన్ని. అందే గానీ, మాటిమాటికీ పైకప్పు వంక చూస్తూనే ఉంది. పొద్దున స్ట్రెచర్ ఎక్కుతూ ఆయన, "అందరికీ ఏడ్చేయకు, నాకోసం కాస్త మిగుల్చు" అని వేళాకోళమాడాడు. మాయదారి మనిషి, ఎప్పుడూ అంతే.

పరీక్షకొచ్చిన పిల్లలు ఒక్కొక్కళ్ళే లోపలికొచ్చి, "చేయగలిగిందంతా చేశామమ్మా" అన్నారు. ఆవిడ ఏడ్చినప్పుడల్లా పైకప్పు మీద చక్రాలు దొర్లిన చప్పుడు. ఏడుపు ఆపితే అదీ ఆగేది. 'ఎన్నిసార్లు చంపుతున్నానురా దేవుడా ఆ మనిషిని' అనుకుంది పిన్ని. అయినా తర్వాతి వాళ్ళు రాగానే మళ్ళీ ఏడ్చింది.

కాసేపటికి పైన చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. తలుపు తోసుకుని ఒక కుర్రాడొచ్చాడు. తలమీద ఆకుపచ్చ టోపీ, మొహం నిండా చెమట. గుమ్మంలోనే నిలబడి, "అమ్మా... మీవారు... సారీ అమ్మా" అన్నాడు.

పిన్నికి జాలేసింది. ఇలాగైతే తప్పుతాడు వెధవ! వేషంలోనే ఏడుస్తూ కుర్చీ చూపించింది. "కూర్చో బాబూ. నా కళ్ళల్లోకి చూసి, ఉన్నదున్నట్టు చెప్పు."

కుర్రాడు కూర్చున్నాడు. ఈసారి చక్కగా చెప్పాడు. "మీవారి గుండె ఆగిపోయిందమ్మా. ఎంత ప్రయత్నించినా మళ్ళీ కొట్టుకోలేదు. ఆయన పోయారు."

'భేష్' అనుకుంది పిన్ని.

"మత్తిచ్చే ముందు మీరు కింద ఉన్నారని చెప్పారమ్మా. 'ఏడుపు నాకోసం కాస్త మిగుల్చమన్నాను మా ఆవిణ్ణి' అని నవ్వారు."

ఆ మాట పరీక్షకి రాసిచ్చిన కాగితంలో లేదు. పిన్ని ఏడుపు ఠక్కున ఆగిపోయింది. మూలన మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడింది. పరీక్ష మధ్యలో ఆవిడ ఏనాడూ లేవలేదు.

"గంట కొట్టండి మేడమ్" అంది పిన్ని. "బాబు బాగానే చెప్పాడు. కొట్టండి."

మేడమ్ కొట్టలేదు. కుర్రాడు పిన్ని చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు మండిపోతున్నాయి ఆవిడకి. ఆయన కోసం ఒక్క చుక్కయినా రాలేదు.