ఒక గుంటకు ఒక గింజ

ఆ రోజు తెల్లవారుజామున కపిరి ఊళ్లో తొలి వాన పడింది. రేకుల మీద దబదబా మోత విని తదాల లేచి కూర్చుంది. వేరే ఏడాదైతే ఆ చప్పుడుకి ప్రాణం లేచొచ్చేది. ఈసారి మాత్రం గుండెలో రాయి పడ్డట్టయింది.

పదింటికి రాజధాని లిలాంగ్వే నుంచి గోండ్వే మేడమ్ వస్తోంది. కపిరిలో పెద్దవాళ్ల చదువు క్లాసుకీ, సేద్యం సంఘానికీ సాయం చేసే సంస్థ తరఫున చూసిపోయే మనిషి ఆవిడ. ముప్పై మంది చదువుకుంటున్నారని, ఆ క్లాసు చెప్పే తదాల రాసి పంపింది. మేడమ్ కళ్లతో చూస్తేనే క్లాసు ఇంకో ఏడాది నడుస్తుంది. లేదంటే ఈ నెలతో సరి.

తొలి వాన పడ్డాక కపిరిలో ఎవరూ ఏ క్లాసుకీ రారు. పెళ్లికి పిలిచినా రారు. తడి ఆరేలోపు మొక్కజొన్న గింజ నేలలో పడాలి. ఈ సంగతి తెలియని పిల్ల కాదు తదాల. చేలోనే పుట్టి పెరిగింది. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెదే. ఆ డిగ్రీ చేత్తోనే, వానలు మొదలయ్యే డిసెంబరులో, నాలుగో తేదీన క్లాసు చూడటానికి రమ్మని రాసి పంపింది.

పదింటికి కారు దిగి మేడమ్ బడిగదిలోకి తొంగి చూసింది. చాపలన్నీ వరసగా పరిచి ఉన్నాయి. వాటి మీద ఒక కోడి తప్ప ఎవరూ లేరు.

"ఏరమ్మాయ్ నీ ముప్పై మంది?"

"చేలల్లో ఉన్నారు మేడమ్. వాన పడింది కదా."

"నీది ఏ ఊరు?"

"ఈ ఊరే మేడమ్."

"ఈ ఊరి పిల్లవై ఉండి తొలి వాననాడు క్లాసు పెట్టావా?"

మేడమ్ బూట్లు విప్పి కారులో పడేసింది. "నిలబడితే ఏమొస్తుంది? పద, వాళ్లున్న చోటికే పోదాం."

మొదటి చేను ఎనెలెసి పిన్నిది. తదాల హైస్కూలు నాలుగేళ్లూ తిన్న మొక్కజొన్న పిండి న్సిమా ముద్ద ఈ చేలో పండిందే. పిన్ని చేతిలో విత్తనాల పొట్లం ఉంది. బాబాయ్ జకెయో పార పట్టుకుని బోదె మీద నిలబడ్డాడు. ఇద్దరూ వాదులాటలో ఉన్నారు.

"మూడేసి గింజలు వెయ్యవే. మా అమ్మ మూడేసే వేసింది. ఆ తిండి తినే ఇంతవాణ్ణయ్యాను."

"నువ్వు పెరిగావులే తాటిచెట్టులా. చేను పెరిగిందా?" పిన్ని పొట్లం మీద వేలు పెట్టి కూడబలుక్కుంది. "ఒ-క... గుం-ట-కు... ఒ-క... గిం-జ."

"ఆ పొట్లం ఎప్పుడైనా ఈ చేలో గుంట తవ్విందా?"

"ఆగు, ఇంకా ఉంది." వేలు కిందికి జరిపింది. "గుం-ట-లు... త-వ్వే-వా-డు... నో-రు... మూ-సు-కు-ని... త-వ్వా-లి."

పక్క చేలల్లో ఆడవాళ్లు నడుములు ఎత్తి మరీ నవ్వారు. జకెయో ఆ నవ్వులోనే వచ్చినవాళ్లను చూశాడు.

"అమ్మా, పట్నం నుంచి వచ్చినట్టున్నారు. కాస్త ఇది చదివి పెట్టండి. నిజంగా అలా రాసుందా?"

మేడమ్ పొట్లం అందుకుని చేయి చాపి, దూరం నుంచి చూసింది. "కళ్లద్దాలు కారులో మరిచిపోయానన్నా."

కళ్లద్దాలు ఆవిడ మెడలో తాడుకి వేలాడుతున్నాయి. తదాల చూసింది. జకెయో కూడా చూశాడు, కానీ ఇంటికొచ్చిన మనిషిని ఏమంటాడు? తదాల వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు బిడ్డా. నీకు అద్దాలు లేవు కదా."

తదాలకు అబద్ధం చేతకాదు. పొట్లం తీసుకుంది. మొదటి మాట ఉంది. దాని కింద, విత్తనాలకు మందు పట్టించాం, పిల్లలకు అందనివ్వకండి అని ఉంది. పిన్ని ఆకాశం వైపు చూస్తోంది.

"మొదటిది ఉంది బాబాయ్," అంది తదాల. "రెండోది నువ్వే చదువుకోవాలి."

జకెయో పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆడవాళ్ల మధ్య కూర్చుని అ ఆలు దిద్దలేనని రెండేళ్లుగా క్లాసు గడప తొక్కని మనిషి.

"మళ్లీ క్లాసు ఎప్పుడు?"

"కలుపు తీయడం అయ్యాక. ఈ మేడమ్ సరేనంటే."

"అయితే వస్తాను. చదువు కోసం కాదు. మీ పిన్ని ఏమేం కల్పిస్తోందో పట్టుకోవాలి."

"రా రా," అంది పిన్ని. "వెనక చాప మీద కూర్చో. ముందు చాప నాది."

పక్క చేలో మొగాడు పార దించాడు. "జకెయో వస్తే నేనూ వస్తా. మా ఆవిడ కూడా దగ్గు మందు సీసా మీద ఏదేదో చదువుతోంది."

మేడమ్ మెడలోని కళ్లద్దాలు పెట్టుకుని, సంచిలోంచి కాగితం తీసింది. ముప్పై కొట్టేసి ముప్పై రెండు అని రాసింది. కాగితాన్నీ పెన్నునీ తదాల చేతికిచ్చింది.

"వచ్చే ఏడాది క్లాసు పట్టిక ఇక్కడే రాయి. డిసెంబరు, జనవరి సెలవు. ఏ ఊరికెళ్లినా ఇదే చెప్తున్నాను, ఒక్కరూ రాయరు."

తదాల మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసింది. చివరన మట్టి వేలిముద్ర పడింది. తుడవబోతే ఇంకా అలుక్కుంది.

"అద్దాలు దొరికినట్టున్నాయమ్మా," అన్నాడు జకెయో.

"దొరికాయన్నా. కానీ మబ్బు పట్టింది. పొట్లం మీది అక్షరాలు మరీ చిన్నవి, కనిపించవు."

నిజంగానే మబ్బు కమ్ముకొస్తోంది. తదాల దోసిట్లో గింజలు పోయించుకుని పిన్ని వెనక బోదె పట్టింది. గుంటకి ఒకటి, గుంటకి ఒకటి. ముందు జకెయో తవ్వుకుంటూ పోతున్నాడు, నోరు మూసుకునే.