ఆరో శాంపిల్

"చేతులు తుడుచుకుని రా. ఫ్యాక్టరీకి వెళ్ళి ఒక్క సంతకం పెట్టేసి వచ్చేద్దాం," అన్నారు మా ఆయన.

నేను పాలగిన్నె అడుగు గీకుతున్నాను. మాడబెట్టింది ఆయనే. పొయ్యి మీద పాలు పెట్టి, ఫోన్లో ఫ్యాక్టరీ యజమానితో మాట్లాడుతూ మర్చిపోయారు. మాడువాసన ఇల్లంతా కమ్ముకున్నాక, "పాలు చూసుకోవేం?" అని నన్నే కేకేశారు. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు. గీకుతూ గీకుతూ నేను ఆలోచిస్తున్నది వేరే. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో నేను పెట్టిన సంతకాలన్నీ ఇలా పని మధ్యలో పెట్టినవే. బ్యాంకు కాగితాలు, ఇంటి అద్దె కాగితాలు, చివరికి ఈ క్రీము కంపెనీ రిజిస్ట్రేషన్ కాగితాలు కూడా. ఒక్కటంటే ఒక్కటి కూర్చుని చదివింది లేదు. తడి తగిలి అక్షరాలు అలుక్కుపోతే మాత్రం, "కొంచెం చూసి పెట్టొచ్చుగా," అని విసుక్కునేవారు. సంతకం చూసి పెట్టాలట. కాగితం చూడకపోయినా ఫరవాలేదట.

కంపెనీ నా పేరు మీదే ఉంది. ఆడవాళ్ళ పేరు మీదైతే అప్పు తొందరగా పుడుతుందని ఎవరో చెప్పారు ఆయనకి. "పేరు ఆవిడది, కష్టం నాది," అని చుట్టాలందరి ముందూ అనేవారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. తలుచుకుంటే ఇప్పుడు ఆయన మీద కన్నా నా మీదే నాకు కోపం వస్తుంది.

ఆ కష్టం ఎవరిదో చెబుతాను వినండి. నేనొక బడిలో, సైన్సు ల్యాబులో పనిచేస్తాను. పిల్లలు వాడిన గాజు సీసాలూ గొట్టాలూ కడిగి, ఆరబెట్టి, మర్నాటికి సర్దిపెట్టడం నా ఉద్యోగం. "కడగడానికి ఇంట్లో గిన్నెలు చాలకనా?" అన్నారు మా ఆయన, నేను చేరిన రోజున. అక్కడ సీసాలు, ఇక్కడ గిన్నెలు, ఆదివారం బట్టలు. బొటనవేళ్ళ పక్కన చర్మం చీలిపోయి, కాస్త ఉప్పు తగిలితే ప్రాణం విలవిల్లాడేది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆయన నా చెయ్యి పట్టుకుని, పట్టుకున్నంత వేగంగా వదిలేసి, "ఇదేంటి, గరుకు కాగితంలా ఉంది?" అన్నారు. సరదాకే అని ఉంటారు. కానీ ఆ తర్వాత చాలా ఏళ్ళు, ఆయన పక్కన కూర్చుంటే చేతులు గుప్పిళ్ళు మూసి ఒళ్ళో పెట్టుకునేదాన్ని. షాపుల్లో దొరికే క్రీములన్నీ రాసి చూశాను. వాసన బ్రహ్మాండం, చీలికలో పడితే కళ్ళవెంట నీళ్ళే. చివరికి విసుగొచ్చి నేనే మొదలుపెట్టాను. బాదం నూనె, తేనెమైనం, ల్యాబులో మాస్టారి పాత పుస్తకాల్లో చదివి తెలుసుకున్న ఇంకో మూడు దినుసులు. ఆరేళ్ళు పట్టింది. మొదట చేసింది కొవ్వొత్తిలా గట్టిపడింది. రెండోది నూనెలా జారిపోయింది. "అమ్మాయ్, ఇది చేతులకా, తలుపు బందులకా?" అని అడిగారు మా అత్తగారు. ఆవిడ నోటికి జడిసి కొన్నాళ్ళు మానేశాను కూడా. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా! అయితే పదో, పన్నెండో సారి చేసినప్పుడు, డబ్బా రోజు రోజుకీ తరిగిపోవడం చూశాను. ఎవరా అని కాపు కాస్తే, అత్తగారు మడమలకి రాసుకుంటూ దొరికారు. "నేనేం తీశాను? మూత పెట్టావో లేదో చూశానంతే," అన్నారు, వేళ్ళకి మెరుపు కనిపిస్తుండగానే. ఆవిడ నాకిచ్చిన కితాబు అదొక్కటే, అదే పదివేలు.

అక్కణ్ణుంచి బడిలో ఆయా అడిగింది. ఆయా చెల్లెలు హోటల్లో పళ్ళాలు కడుగుతుంది, ఆవిడ అడిగింది. ఆసుపత్రిలో రోజంతా చేతులు కడుక్కునే నర్సులు అడిగారు. వాసన లేదు, మంట లేదు, రాత్రి రాసుకుంటే పొద్దున్నకి చీలిక మూసుకుంటోందని వాళ్ళే ఇంకొకళ్ళకి చెప్పారు. నా రెండు గిన్నెలతో చేసి ఇవ్వడం నా తరం కాలేదు. అప్పుడు చూశారు మా ఆయన. గోడలకేసే రంగుల డబ్బాలు అమ్మే కంపెనీలో సేల్సు ఆయనది. "ఎన్నాళ్ళిలా వంటింట్లో? మన పేరు మీద సరుకు తయారుచేసి ఇచ్చే ఫ్యాక్టరీలుంటాయి. మనం ఫార్ములా ఇస్తే చాలు. కలపడం, నింపడం, లేబుల్ అంటించడం అన్నీ వాళ్ళే చూసుకుంటారు," అన్నారు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ రోజు నాకు నిజంగా సంతోషమేసింది. ఆయన నా పని గురించి అరగంటసేపు కూర్చుని మాట్లాడటం అదే మొదటిసారి.

ఫ్యాక్టరీ వాళ్ళు ఒక్కో శాంపిల్ చేసి పంపేవారు. నేను గిన్నెలన్నీ తోమి, చేతులు ఆరకముందే చీలికలో పెట్టి చూసేదాన్ని. మొదటి నాలుగూ వద్దన్నాను. "నీకు దేవుడు చేసిచ్చినా నచ్చదు," అన్నారు మా ఆయన. ఐదోది రాసుకుని అలా గోడకి ఆనుకుని నిలబడిపోయాను. నా క్రీమే! నా వంటింట్లోంచి వెళ్ళి, మిషన్లో తిరిగి, ఏ దెబ్బా తగలకుండా ఇంటికొచ్చింది. ఏడుపొచ్చింది. "ఇదే, ఇది ఖాయం," అని ఫోన్ చేసి చెప్పమన్నాను ఆయన్ని. ఇప్పుడు వెళ్తున్నది దానికే. సరుకంతా తయారుచేసే ముందు, ఒప్పుకున్న శాంపిల్ రెండు డబ్బాల్లో పెట్టి, సీలు వేసి, యజమానురాలి చేత సంతకం చేయిస్తారు. ఒకటి వాళ్ళ దగ్గర, ఒకటి మన దగ్గర. ఇక ముందు ఎన్ని వేల డబ్బాలు చేసినా ఆ సీలు డబ్బాతో పోల్చి చూస్తారు. అందులో ఏముంటే అదే క్రీము.

సగం రోజు సెలవు పెట్టి వెళ్ళాను. ఫ్యాక్టరీ శుభ్రంగా ఉంది. తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు బల్లకి రెండు వైపులా కూర్చుని మూతలు బిగిస్తున్నారు. యజమాని ఎదురొచ్చి మా ఆయనకి చెయ్యిచ్చి, నా వైపు తిరిగి, "మేడంగారికి టీ చెప్పండి," అన్నాడు గాల్లోకి. క్రీము డబ్బా వచ్చేదాకా యజమాని నాకు సంబంధించి అన్న మాట అదొక్కటే. లేబుల్ చూపించారు. దాని మీద నవ్వుతున్న ఒక ఆడదాని బొమ్మ, కింద 'ఒక గృహిణి చేతుల్లో పుట్టింది' అని రాసి ఉంది. ఆ బొమ్మ చేతులు చూశాను. ఆ చేతులతో ఆవిడ జన్మలో గిన్నె ముట్టుకుని ఉండదు.

అప్పుడు కెమిస్టు డబ్బా తెచ్చింది. నా ఈడుదే, కళ్ళజోడు పెట్టుకున్న మనిషి. మూత తీయగానే గదిలో గుప్పుమని పూలవాసన. నా క్రీముకి వాసనే లేదు. మా ఆయన కాస్త తీసుకుని ముంజేతి మీద రుద్దుకున్నారు. యజమాని కూడా అలాగే రుద్దుకున్నాడు. అకౌంట్లు చూసే ఆయనెవరో వచ్చి ఆయనా ముంజెయ్యి చాపాడు. ముగ్గురూ ముంజేతులు ముక్కు దగ్గర పెట్టుకుని పీలుస్తూ నిలబడ్డారు. "సిల్క్ అండి, సిల్క్!" అన్నాడు యజమాని. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. చేతులు పగిలిన వాళ్ళ కోసం చేసిన క్రీముని, ఎప్పుడూ పగలని చోట రాసి చూస్తున్నారు. ఏ ఒక్కరికీ అది తప్పని తోచలేదు. నేను నా బొటనవేలి పక్కన, పొద్దున పాలగిన్నె దగ్గర చీలిన చోట పెట్టుకున్నాను. సూదితో పొడిచినట్టు చురుక్కుమంది.

"ఇది ఐదోది కాదు," అన్నాను.

కెమిస్టు మా ఆయన వైపు చూసింది. "ఆరోదండీ. సార్ ఫోన్ చేసి, సెంటు కలపమన్నారు, నూనె సగానికి తగ్గించమన్నారు. మీకు చెప్పే ఉంటారనుకున్నాను."

"చిన్న మార్పే," అన్నారు మా ఆయన, నవ్వుతూ, యజమానికి వినపడేలా. "మా ఆవిడకి మార్కెట్ సంగతి తెలీదు. వాసన లేకపోతే ఎవరు కొంటారు? జనం డబ్బా చూసి కొంటారు, మూత తీసి వాసన చూసి కొంటారు. మంట సంగతి ఇంటికెళ్ళాక కదా తెలిసేది!"

"నూనె ఎక్కువైతే మిషన్లో సాగదు కూడా మేడం," అన్నాడు యజమాని.

"ఐదోది సాగింది కదండీ?" అన్నాను కెమిస్టుతో. ఆవిడ చిన్నగా తల ఊపింది.

ఆ గదికి ఆనుకునే కడిగే గది ఉంది. క్రీము కలిపే పెద్ద స్టీలు పాత్ర ముందు ఒకావిడ వంగి, లోపలికి భుజాల దాకా చేతులు పెట్టి తోముతోంది. నాకేం పూనిందో తెలీదు, డబ్బా పట్టుకుని సరాసరి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నా వెనకే ముగ్గురు మగవాళ్ళూ వచ్చారు. "అక్కా, ఒక్కసారి చెయ్యి ఇస్తారా?" అన్నాను. ఆవిడ చేతులు తుడుచుకుంటూ యజమాని వైపు చూసింది. ఆయన కానిమ్మన్నట్టు తలాడించాడు. వేళ్ళ కొసలు చిట్లి, కణుపుల దగ్గర ఎర్రగా ఉన్నాయి. నా చేతులు నయం. కాస్త క్రీము తీసి మెల్లగా రాశాను. ఆవిడ పెదవి బిగబట్టడం చూశాను.

"ఎలా ఉంది? చెప్పమ్మా, భయపడకు," అన్నాడు యజమాని.

"బాగుందండీ. మంచి వాసన," అంది. అని, వెనక్కి తిరిగి, కుళాయి కింద చెయ్యి పెట్టి, అది పూర్తిగా పోయేదాకా కడుక్కుంది.

"చూశారా మేడం!" అన్నాడు ఆయన.

"చూశాను. ఎందుకు కడుక్కుంది?"

"ఆవిడ చేతులు అలాంటివి లెండి. మన కస్టమర్లు ఇలాంటి చేతులవాళ్ళు కాదు కదా," అన్నాడు. ఆ మాటకి మా ఆయన తలూపారు. నాకు యజమాని మాట కన్నా మా ఆయన తలూపడమే తగిలింది. పద్నాలుగేళ్ళుగా ఆయన తింటున్న ప్రతి పళ్ళెం 'ఇలాంటి' చేతులు కడిగిందే. ఆయన పక్కనే నిలబడి ఉన్నాయి ఆ చేతులు, ఒక డబ్బా పట్టుకుని. ఆ ముక్క ఆయనకి తోచనే లేదు. నన్ను అవమానించాలని చేసి ఉంటే ఎంత బాగుండేది, పోట్లాడేదాన్ని. నేను గుర్తే రాలేదు. నా ఆరేళ్ళూ, ఆయా, హోటల్లో పళ్ళాలు కడిగే ఆవిడ, నర్సులు, మేమందరం కలిసి ఆ లేబుల్ మీద ఒక నవ్వు మొహం అయ్యాం, అంతే. ఇది బజారుకెళ్ళాక వాళ్ళు నన్ను నమ్మి కొంటారు. రాసుకుని, చురుక్కుమంటే, తప్పు తమ చేతులదే అనుకుంటారు. నేను ఇన్నేళ్ళూ అనుకున్నట్టే.

బల్ల దగ్గరికి తిరిగొచ్చాం. కెమిస్టు కాగితం నా ముందు పెట్టింది. మొదటిసారి కూర్చుని, పై గీత నుంచి కింది గీత దాకా చదివాను. ముగ్గురూ గడియారాలు చూసుకున్నారు. చదవనివ్వండి, ఏం మునిగిపోతుంది, అనుకున్నాను. కింద రెండు గళ్ళున్నాయి. ఒకటి 'ఆమోదించాను', రెండోది 'తిరస్కరించాను, కారణం'.

"పైదాంట్లో టిక్కు పెట్టి సంతకం చెయ్యి," అన్నారు మా ఆయన, వేలు పెట్టి చూపిస్తూ.

"సార్ చేస్తే సరిపోదా?" అని అడిగాడు యజమాని.

"సరిపోదండీ," అంది కెమిస్టు. "కంపెనీ మేడం పేరు మీద ఉంది. ఆవిడ ఒప్పుకోకుండా సరుకు మొదలుపెట్టకూడదు." ఆ మాట అంటూ తన పెన్ను మూత తీసి నాకు అందించింది.

రెండో గడిలో టిక్కు పెట్టాను. కారణం అన్నచోట, 'పగిలిన చేతికి మండుతోంది. ఐదో శాంపిల్ ప్రకారం చేయాలి' అని రాశాను. తొందరపడలేదు. అక్షరాలు గుండ్రంగా, విడివిడిగా వచ్చాయి. కింద సంతకం పెట్టాను, ఇంటిపేరుతో కాదు, నా పేరు మాత్రం. కెమిస్టు కాగితం తీసుకుని, తేదీ వేసి, గబగబా ఫైల్లో పెట్టేసుకుంది, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు.

మా ఆయన మొహం ఎర్రబడింది. నేను ఇంతమందిలో ఆయన మాట కాదనడం ఎప్పుడూ జరగలేదు. ఆయన వంగి, నా చెవి దగ్గర, పళ్ళబిగువున, "లే. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం," అన్నారు.

ఇంటికెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన సోఫాలో కూర్చుంటారు. నేను వంటింట్లోకి వెళ్తాను. ఆయన హాల్లోంచి మాట్లాడుతూ ఉంటారు, కుళాయి చప్పుడులో నాకు సగం వినిపిస్తుంది. ఈలోగా అత్తగారు వేణ్ణీళ్ళు అడుగుతారు, కుక్కరు కూత పెడుతుంది, ఎవరో తలుపు కొడతారు. చివరికి ఆ గోల వదిలితే చాలని సరేనంటాను. మా ఇంట్లో నిర్ణయాలన్నీ అలాగే జరిగాయి.

లేవలేదు. కుర్చీ ఇంకాస్త బల్ల దగ్గరికి జరుపుకున్నాను.

"ఇంటికెళ్తే నాకు పనుంటుందండీ," అన్నాను, కడిగే గదిలోకి కూడా వినపడేటట్టు. "మాట్లాడేదేదో ఇక్కడే మాట్లాడండి."