సోఫాలో దొరికిన సలహా

మా అమ్మాయి బట్టల షెడ్డులో కాలర్లు కుడుతుంది. ఆడవాళ్ల బాత్రూముకి తాళం వేయొద్దని అడిగిందట. "రేపట్నుంచి రావక్కర్లేదు" అన్నాడట ఓనరు. ఇంట్లో దానిదొక్కటే సంపాదన. ఇక అద్దె కట్టలేం, సామాను రోడ్డున పడుతుంది, పైన వాన పడుతుంది అని ఏడుపందుకున్నాను.

"ఊరుకోమ్మా, ఇంకా ఎండాకాలమేగా!" అంది అది.

లాయరు దగ్గరికి లాక్కెళ్లాను. ఉద్యోగ తగాదాల్లో పనివాళ్లకీ, యజమానులకీ సహాయం చేస్తానని బోర్డు పెట్టుకున్నాడు. పిల్లికీ ఎలుకకీ ఒకడే వైద్యుడన్నమాట. లోపల గోడవారగా చెక్కబల్ల, దానిమీద ఇరుక్కుని పనివాళ్లు. ఫ్యాను కింద సోఫా ఖాళీ. అమ్మాయి ఫోనొచ్చి బయటికెళ్లింది. మోకాళ్లు లాగేస్తుంటే నేను సోఫాలో కూలబడ్డాను. కంటి ఆపరేషనుకిచ్చిన నల్లద్దాలొకటి ముఖాన.

లాయరు పరుగున వచ్చాడు. కూల్‌డ్రింకు తెప్పించాడు. "చెప్పండి మేడమ్!"

నన్ను మేడమ్ అన్నవాడు పుట్టలేదు ఇంతవరకూ. భయమేసింది. "ఒక పిల్లని పనిలోకి రావద్దని చెప్పి..." అన్నానో లేదో, అందుకున్నాడు.

"నోటిమాటేగా? భేష్! కాగితం ఇవ్వకండి. తనే మానేసిందని చెబుదాం. ఆ పిల్ల ఇంట్లో ఏడుస్తూ కూర్చుంటే మనం గెలిచినట్టే."

"కూర్చోకపోతే?"

"రోజూ టైముకి గేటు దగ్గరికొచ్చి, నలుగురూ వినేలా 'పనికొచ్చాను' అందంటే మన పీకల మీదికొస్తుంది. అయినా వీళ్లకంత తెలివెక్కడిది మేడమ్!" అని బల్లవైపు చూసి నవ్వాడు.

అంతలో అమ్మాయి వచ్చింది. "అమ్మా, అక్కడ కూర్చున్నావేంటే? మన చోటు ఇటు!"

లాయరు ముఖం మాడిపోయింది. "మీరు... పనివాళ్ల తరఫా?" కూల్‌డ్రింకు వైపు చూశాడు. అప్పటికే తాగేశాను. "అయితే మీకు వేరే సలహా ఉంటుందమ్మా."

మేడమ్‌ని కాస్తా అమ్మనైపోయాను. "వద్దులే బాబూ, ఇదే బాగుంది" అని లేచాను.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గరున్నాం. కొడతారేమో, పోలీసులొస్తారేమో, ఎండదెబ్బ తగులుతుందేమో అని నా బెంగ.

"లోపలికి పంపొద్దన్నారక్కా" అన్నాడు వాచ్‌మన్.

"పంపొద్దులే తమ్ముడూ. వచ్చిందని చూడు, చాలు" అన్నాను నేను.

"పనికొచ్చానన్నా!" అని అరిచింది మా అమ్మాయి. లోపలికెళ్లే వాళ్లందరూ ఆగి విన్నారు. రోజూ ఇదే తంతు. మొదట్లో తల దించుకుని పోయినవాళ్లు రానురాను మాతోపాటు నిలబడసాగారు. మిషన్లు ఆలస్యంగా మొదలవుతున్నాయట.

చివరికి ఒకరోజు ఓనరు కారు దిగాడు. "ఎండలో ఎందుకమ్మా, లోపలికి రా. నిన్ను తీసేశానని ఎవరన్నారు?"

"ఆ ముక్క అందరికీ చెప్పండి సార్" అంది ఇది.

చేజేతులా చెడగొట్టుకుంటోందని దాని చెయ్యి గిల్లాను. కదల్లేదు, మొండిఘటం.

ఓనరు చుట్టూ చూశాడు. గొంతులోనే గొణిగాడు.

"వినపడలేదు సార్!" అంది వెనకనుంచి, గుండీలు కుట్టే ముసలామె.