కలిపి కుట్టాక ఒకటే ముక్క

పదో తరగతి లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పిన మనిషికి మూడోసారి కూర్చునే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? కోడలినుంచి వచ్చింది. కుట్టు నేర్పే కేంద్రంలో టీచరు ఉద్యోగం ఖాళీగా ఉంది. అత్తగారి ముప్పై ఏళ్ల చేతిపనికి వాళ్లు దండం పెట్టారు గానీ, పది పాసైన కాగితం మాత్రం తెమ్మన్నారు. పరీక్ష ఎల్లుండే. బట్టలు కత్తిరించే బల్ల మీద పుస్తకం, ఎదురుగా బళ్లో లెక్కలు చెప్పే కోడలు.

పైన x + 6, కింద 6. అత్తగారు పై ఆరునూ కింది ఆరునూ టక్కున కొట్టేసి, "x మిగిలింది. అయిపోయింది!" అంది.

"అయ్యో అత్తయ్యా! x కూడా ఆరే అనుకోండి. పైన పన్నెండు, కింద ఆరు. ఎంతొస్తుంది?"

"రెండు."

"మీ జవాబు ప్రకారం?"

"ఆరు." అత్తగారి మొహం చిన్నబోయింది. "పైనా కిందా ఒకటే ఉంటే కొట్టెయ్యమన్నది నువ్వే కదే!"

కోడలు నాలుగు రకాలుగా చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అత్తగారికి ఏడుపు ముంచుకొచ్చింది. "ఈ మట్టిబుర్రకి ఎక్కదులే, వదిలెయ్" అంటూ పుస్తకం మూసేసింది.

కోడలు ఊరుకుంటుందా? అత్తగారు చదువు గొడవలో పడి నెలరోజులుగా సగంలో ఆపేసిన తన చొక్కా అందుకుంది. దాని చెయ్యి ఎర్ర ముక్కా తెల్ల ముక్కా కలిపి కుట్టింది. "నాకు ఎరుపు వద్దు, కత్తిరించేస్తున్నా" అని కత్తెర తీసింది.

"కత్తెర పక్కన పెట్టవే! కలిపి కుట్టాక అది ఒకటే ముక్క. తీస్తే చెయ్యంతా తియ్యాలి, సగం ఎలా తీస్తావ్..." అత్తగారు ఆగిపోయింది. "అంటే, ఆ ప్లస్సూ..."

"కుట్టే, అత్తయ్యా."

పరీక్షలో పైన x² + 5x, కింద 3x + 15 వచ్చింది. x కొట్టెయ్యాలని చెయ్యి ఒకటే దురద. ఆపుకుంది. పైన ఉమ్మడిగా ఉన్న x బయటికి తీస్తే x(x + 5). కింద మూడు తీస్తే 3(x + 5). రెండు చోట్లా అదే ముక్క! ముక్కకు ముక్క మొత్తంగా కొట్టేసింది. x/3 మిగిలింది.

పాసవ్వాలంటే ముప్పై అయిదు రావాలి. అత్తగారికి ముప్పై ఎనిమిది వచ్చాయి. ఆ ఒక్క లెక్కకే నాలుగు. అది తప్పి ఉంటే ఒక్క మార్కుతో మళ్లీ పోయేది. కోడల్ని పట్టుకుని నవ్వుతూనే ఏడ్చేసింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "నీ చొక్కా ఇటు తే, ఎప్పుడో కుట్టాల్సింది" అని మిషను ముందు కూర్చుంది.