ఈత్ జీరో, ఈత్ వన్

ఏసేపు ఫోన్ చేసినప్పుడు పద్మశ్రీ కడపలో, తాను పనిచేసే ఆసుపత్రి సర్వర్ గదిలో ఉంది.

“మన పాత సర్వరు పోయేటట్టుండాదిమ్మా. మూలుగుతాండాది. కొత్తది తెచ్చి పెట్టినా. ఒకసారి వచ్చి చూస్తావా?” అన్నాడు.

ఆదివారం వస్తానంది. ఏ బస్సుకో కూడా అప్పుడే చెప్పేసింది.

కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో ఏసేపుది చిన్న ఇంటర్నెట్ ఆఫీసు. మేడ మీద ఒక్కటే గది. స్తంభాల మీదుగా కేబుళ్లు లాగి చుట్టుపక్కల ఇళ్లకు, దుకాణాలకు నెట్ ఇస్తాడు. పెద్ద కంపెనీలు వచ్చాక సగం మంది అటు మారిపోయారు. తక్కినవాళ్లు, ఫోన్ చేస్తే ఏసేపే పలుకుతాడన్న ధైర్యంతో ఉండిపోయారు. పద్మశ్రీ మొదటి ఉద్యోగం ఆ గదిలోనే. ఎమ్మిగనూరులో వాళ్ల నాన్న మగ్గం ఆగిపోయిన ఏడు, డిప్లొమా చేత్తో పట్టుకుని వచ్చింది. పని వచ్చా రాదా అని ఏసేపు అడగలేదు. కుర్చీ చూపించి, “కూర్చోమ్మా, నేనూ నేర్చుకుంటాండా” అన్నాడు.

నంద్యాల మీదుగా బస్సు వస్తుంటే ఆమెకు వరద వచ్చిన ఏడు గుర్తొచ్చింది.

అప్పుడు కర్నూలు మునిగిపోయి కొన్ని రోజులు కరెంటు లేదు. కరెంటు వచ్చిన పూట ఆఫీసు మెట్ల మీద జనం. దూరాన ఉన్న తమవాళ్లకు ‘బాగున్నాం’ అని ఒక్క ముక్క పంపుకోవాలని వాళ్ల ఆత్రం. సర్వర్ లేచింది. లైట్లన్నీ వెలిగాయి. నెట్ మాత్రం రాలేదు. నీళ్లకు కేబుళ్లు పాడై ఉంటాయని ఏసేపు అనుకున్నాడు. స్తంభాలెక్కి కేబుళ్లు చూసే గిడ్డయ్య నిచ్చెన భుజాన వేసుకుని బురదలోకి దిగాడు. ఒక్కో స్తంభం చూసుకుంటూ పొద్దువాలేదాకా తిరిగాడు.

తప్పు కేబుళ్లలో లేదు. సర్వర్ వెనక రెండు నెట్‌వర్క్ కార్డులుండేవి. ఒకదానికి బయటినుంచి వచ్చే లైను, రెండోదానికి ఊళ్లోకి పోయే లైను. సర్వర్ లేస్తూ, మొదట కంటబడిన కార్డుకు ఈత్ జీరో అని, తర్వాతదానికి ఈత్ వన్ అని పేరు పెట్టేది. ఆ రోజు రెండోది ముందు కంటబడింది. పేర్లు తారుమారై, బయటి లైను ఉండాల్సిన చోట ఊరు, ఊరు ఉండాల్సిన చోట బయటి లైను అయ్యాయి. అది తెలిశాక ఏసేపు చేసిందల్లా, వెనక రెండు కేబుళ్లు పీకి అటుది ఇటు పెట్టడమే.

మోకాళ్లదాకా బురదతో గిడ్డయ్య తిరిగి వచ్చేసరికి జనం మెయిళ్లు పంపుకుంటున్నారు. సంగతి విని గడప మీద కూలబడ్డాడు. “అంటే నేను పొద్దటాల నుంచి స్తంభాలెక్కింది ఉత్తదేనా అప్పా?” అన్నాడు. ఏసేపు తల దించుకున్నాడు. గిడ్డయ్యే ముందు నవ్వాడు. ఆ తర్వాత పద్మశ్రీతో కలిపి ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు. వరద వచ్చాక ఆ ఆఫీసులో నవ్వు వినిపించడం అదే మొదలు.

గిడ్డయ్య పోయినేడు చనిపోయాడు. అతని నిచ్చెన ఇంకా మెట్ల కింద ఉండడం ఆఫీసు ఎక్కుతూ పద్మశ్రీ చూసింది.

కొత్త సర్వర్ ముందు ఏసేపు కళ్లద్దాలు పైకి తోసుకుని కూర్చున్నాడు. “ఇదేందో చూడు. ఈత్ జీరో యాడుందో కనపడదు. ఈఎన్‌పీ త్రీ ఎస్ జీరో అంటాండాది. ఇది పేరేనా?”

“కార్డు ఏ స్లాట్‌లో కూర్చుందో దాన్నిబట్టి వచ్చే పేరన్నా. ఇప్పుడన్నీ ఇట్లే.”

“నా నోటికి ఎక్కదుమ్మా. రాసుకున్నవన్నీ ఈత్ జీరో, ఈత్ వన్ మీదనే ఉండాయి. పాత పేర్లు పెట్టనీకి వీలుందా?”

వీలుంది. సర్వర్ లేచేటప్పుడు కొత్త పేర్లు వద్దని ఒక మాట చేర్చితే చాలు. అలా చేస్తే పాత తంటా కూడా వెనక్కి రావచ్చని పద్మశ్రీకి తెలుసు. అదే చెప్పింది.

“ఎప్పుడో ఒకసారి కదా,” అన్నాడు ఏసేపు.

ఆమె ఇంక వాదించలేదు. నిజానికి తనకూ ఆ పేర్లు తెర మీద చూడాలనే ఉంది. మార్చి, సర్వర్‌ను మళ్లీ లేపింది. ఈత్ జీరో, ఈత్ వన్ ఒకదాని కింద ఒకటి కనబడ్డాయి. ఆ గదిలో, అదే కిటికీ పక్కన కూర్చుని వాటిని చూస్తుంటే, జీతం తీసుకుని మొదటిసారి ఎమ్మిగనూరు బస్సెక్కిన పిల్లలా అనిపించింది. ఊరి కేబుళ్లు కొత్త సర్వర్‌కు మార్చారు. నెట్ నడిచింది. ఏసేపు భార్య విశ్వాసమ్మ జొన్నరొట్టెలు, గోరుచిక్కుడు కూర తెచ్చింది.

తిన్నాక ఏసేపు, “కరెంటు పోయి వస్తే ఎట్లుంటాదో చూద్దాం” అని స్విచ్ ఆపి, కొంచెం ఆగి వేశాడు.

లైట్లన్నీ వెలిగాయి. అంతలోనే ఫోన్ మోగింది. మీసేవ నడిపే చౌడేశ్వరి. “అన్నా, నెట్ పోయిందే. ఈడ జనం నిలబడుకోనుండారు.”

పద్మశ్రీ తెర చూసింది. పేర్లు తారుమారయ్యాయి.

ఏసేపు ఫోన్ పక్కన పెట్టాడు. “స్తంభాలెక్కనీకి గిడ్డయ్య కూడా లేడు కదమ్మా,” అన్నాడు మెల్లగా.

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏసేపు కళ్లద్దాలు తీసి తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు. ఆమె లేచి వెనక్కి వెళ్లి రెండు కేబుళ్లు మార్చి పెట్టింది. చౌడేశ్వరికి నెట్ వచ్చింది.

“నీ కొత్త పేర్లే పెట్టు,” అన్నాడు ఏసేపు. “జనాన్ని నిలబెట్టి మనం పాతవి తలుచుకుంటే బాగుండదు.”

ఆమె చేర్చిన మాట తీసేసింది. ఫైళ్లలో పేర్లు మార్చే పని మాత్రం ఏసేపు ఆమెను చేయనివ్వలేదు. తనే ఒక్కోటి తెరిచి, కొత్త పేరు అక్షరం అక్షరం పైకి చదువుకుంటూ కొట్టాడు. పాత పేరు చెరిపేటప్పుడు ప్రతిసారీ ఒక్క క్షణం ఆగాడు. ఆమె తొందరపెట్టలేదు. తర్వాత స్విచ్ ఎన్నిసార్లు ఆపి వేసినా ఏ పేరు ఏ కార్డుదో ఆ కార్డుకే వచ్చింది.

కొన్నాళ్లకు కడపకు ఫోన్ వచ్చింది. “రేత్రి ఉరుములు, వాన. కరెంటు శానాసార్లు పోయింది. నేను లేయను కూడా లేయలేదు. పొద్దున చూస్తే అంతా బాగుండాది.”

“అయితే ఇంక నాతో పని లేదన్నా,” అంది పద్మశ్రీ. నవ్వుతూ అనాలనుకుంది గానీ గొంతులో కొంచెం వెలితి వినబడింది.

“పని ఉంటేనే వస్తావామ్మా?” అన్నాడు ఏసేపు. “విశ్వాసమ్మ అడుగుతాండాది, మళ్లీ ఎప్పుడని.”

ఆమె గోడ మీది క్యాలెండర్ వైపు చూసి, వచ్చే ఆదివారం ఖాళీయేనని చెప్పింది.