థాక్రిగ్ వాళ్ళ రొట్టె

థాక్రిగ్ అనే ఇంటిపేరు ఉన్నవాళ్ళు ఈ భూమ్మీద యాభై ఎనిమిది మంది. ఆ లెక్క హిల్డా థాక్రిగ్‌ది కాబట్టి అందులో తప్పు వెతికే సాహసం ఎవరూ చెయ్యరు. నూట నలభై ఏళ్ళ నాటి జనాభా లెక్కల్లో రెండు వందల పద్నాలుగు మంది ఉండేవాళ్ళు. వాళ్ళలో ముప్పాతిక మంది ఈ యార్క్‌షైర్ లోయలోనే, ఒకరి పొగగొట్టం ఇంకొకరికి కనిపించేంత దూరంలో బతికారు. తర్వాత మిల్లులు కొందరిని లాక్కున్నాయి, యుద్ధం కొందరిని మింగింది, మిగతా ఇళ్ళలో ఆడపిల్లలే పుట్టి పెళ్ళిళ్ళతో వేరే పేర్లలోకి వెళ్ళిపోయారు. మిగిలిన ఒక్కొక్కరికీ ఒక చీటీ రాసి, బూట్ల అట్టపెట్టెల్లో వరసగా పెట్టి, హిల్డా ముప్ఫై ఏళ్ళుగా కాపలా కాస్తోంది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. పేరు పోతుందనే భయంతోనే మానేసిందని పక్కింటి మావిస్ ఎగతాళి చేస్తుంది. అందులో కొంత నిజం లేకపోలేదు.

పేరు ఎక్కడిదో లోయలో పిల్లలకు కూడా తెలుసు. ఊరికి పైన థాక్రిగ్ అనే గట్టుంది. పూర్వం ఇళ్ళ కప్పులకు రెల్లు అక్కడే కోసేవారు; థాక్ అంటే కప్పుగడ్డి, రిగ్ అంటే గట్టు. గట్టు మీద ఒక పొలం, ఒక రాతి ఇల్లు. మూడున్నర శతాబ్దాల కిందట ఆ ఇంట్లో ఉన్న ఆంథోనీ థాక్రిగ్ పోయేముందు చర్చి పక్కన ఆరు చిన్న ఇళ్ళు కట్టించి, నా పేరున్న ముసలివాళ్ళు, నిలువ నీడ లేనివాళ్ళు వీటిలో ఉచితంగా ఉండాలి అని వీలునామా రాశాడు. ఏటా నవంబరులో ఒక ఆదివారం చర్చిలో ఆ పేరున్నవాళ్ళందరినీ పిలవాలి, పలికినవాళ్ళకు ఒక రొట్టె ఇవ్వాలి. ఆ ఏడు పోయినవాళ్ళను కూడా పిలవాలి, వాళ్ళ తరఫున అయినవాళ్ళు 'ఉన్నాడు' అని పలికి రొట్టె తీసుకోవాలి. ఇప్పటికీ ఒక్క ఏడు కూడా ఆ పిలుపు ఆగలేదు.

పిలిచేది హిల్డా. ఇల్లు ఎవరికి దక్కాలో తేల్చేదీ హిల్డాయే, పాస్టరు ఎలియట్ గారు సంతకం మాత్రం పెడతారు. ఆరిళ్ళలో మూడోదాంట్లో ఆమె ఉంటోంది. పేరున్నవాళ్ళు దొరక్క బయటివాళ్ళకు అద్దెకిచ్చిన నాలుగోదాంట్లో మావిస్ ఉంటోంది.

అక్టోబరులో బ్రాడ్‌ఫర్డ్ నుంచి ఉత్తరం వచ్చింది. రాసినాయన క్లైవ్ థాక్రిగ్, అరవై రెండేళ్ళవాడు. బస్సు నడిపేవాడు, గుండె ఆపరేషన్ అయ్యాక మానేశాడు. అద్దెకున్న ఇల్లు యజమాని అమ్మేశాడు. చెల్లెలి ముందుగదిలో సోఫా మీద పడుకుంటున్నాడు. ఆరో ఇల్లు ఖాళీగా ఉందని విని అడుగుతున్నాడు. ఉత్తరం కింద మరో రెండు వాక్యాలున్నాయి. 'మా నాన్న ఎర్నెస్ట్ పదకొండేళ్ళ కిందట మీకు రాశాడు. మూడేళ్ళ తర్వాత వృద్ధాశ్రమంలో, ముగ్గురు పడుకునే గదిలో పోయాడు.'

ఎర్నెస్ట్ హిల్డాకు బాగానే గుర్తున్నాడు. అతని తాత జోసెఫ్ అనాథ. అనాథాశ్రమం నుంచి తెచ్చి థాక్రిగ్ పొలంలో పనికి పెట్టుకుంటే, అక్కడ ఉన్నాడు కాబట్టి జనం థాక్రిగ్ అన్నారు. అది కనిపెట్టి ఆమె ఎర్నెస్ట్‌కు జవాబు రాసింది: 'మీది నోటి పేరు, నెత్తుటి పేరు కాదు.' ఆ వాక్యం కుదిరినందుకు ఆ రోజు ఆమెకు సంతోషం కూడా వేసింది. ఎర్నెస్ట్ చీటీతోపాటు ఆ వంశంలోని మరో తొమ్మిది చీటీలను తీసి, లెక్కలోకి రాని వేరే పెట్టెలో పడేసింది.

"ఇంకో దొంగ థాక్రిగ్ దిగాడే," అంది హిల్డా, మావిస్‌కు టీ పోస్తూ.

"దిగితే దిగాడు. ఆరో ఇల్లు బూజు పట్టి చస్తోంది. మనిషంటూ ఉంటే పొయ్యన్నా వెలుగుతుంది."

"రూలు రూలే మావిస్."

"ఆ రూలు నెత్తిన పెట్టుకుని ఊరేగు. నువ్వు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు!"

ఆ మాట హిల్డాకు చుర్రుమంది. ఈసారి ఎవరూ నోరెత్తకుండా, ఆంథోనీ నుంచి తనదాకా వంశవృక్షం గీసి జవాబుతోపాటు పంపాలనుకుంది. ఆంథోనీకి ముందు నాలుగు తరాలన్నా దొరకకపోతాయా అని బస్సెక్కి జిల్లా రికార్డుల ఆఫీసుకు వెళ్ళింది. జమీందారీ కచేరీ పాత పుస్తకం తెప్పించుకుంది. తోలు అట్ట, లోపల పురుగు తిన్న కాగితాలు. మధ్యాహ్నానికి ఆంథోనీ దొరికాడు. ఉమ్మడి బీట్లో గొర్రెలు మేపినందుకు కచేరీ అతనికి జరిమానా వేసింది. 'ఆంథోనీ ప్రాట్. ఆవలి లోయ నుంచి వచ్చి థాక్రిగ్ పొలం కౌలుకు చేస్తున్నవాడు. అందువల్ల జనం థాక్రిగ్ అంటారు.'

కాలం వీలునామాతో సరిపోయింది, పక్కనే రాసిన భార్య పేరూ అదే. హిల్డా మూడుసార్లు చదివింది. అద్దాలు తుడుచుకుని నాలుగోసారి చదివింది.

ఇందులో వింతేముంది? ఆ లోయలో ఇప్పటికీ అంతే. ఒకే ఇంటిపేరు పది కుటుంబాలకు ఉంటుంది కాబట్టి మనిషిని పొలం పేరుతో పిలుస్తారు. గిల్‌హెడ్ డిక్, మోర్‌సైడ్ మేరీ. డిక్ పొలం వదిలి వెళ్ళిపోతే, తర్వాత వచ్చినవాడు గిల్‌హెడ్ సామ్ అవుతాడు. సామ్ అసలు ఇంటిపేరు అడిగితే అతని పెళ్ళాం కూడా కాసేపు ఆలోచించాలి. హిల్డా ముప్ఫై నాలుగేళ్ళు అక్కడే ఉత్తరాలు పంచింది. కవరు మీద ఏ పేరున్నా పొలం పేరు చూసుకునే తలుపు తట్టేది. ఊరందరి విషయంలో తెలిసిన సంగతి తన పేరు దగ్గరికి వచ్చేసరికి ఆమెకు తట్టనే లేదు. థాక్రిగ్ మాత్రం నెత్తురనుకుంది.

ఇంటికి వచ్చి వీలునామా నకలు తీసింది. 'నా పేరున్న' అని ఉంది. నెత్తురు అన్న మాట ఎక్కడా లేదు. అది తను చేర్చిన మాట.

"మొహం అట్లా పాలిపోయిందేం?" అంది మావిస్, గోడ మీదుగా.

"ఆంథోనీ థాక్రిగ్ కాదు మావిస్. ప్రాట్. గట్టు మీద ఇంట్లో ఉన్నాడని అట్లా అన్నారు, అంతే."

మావిస్ పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

"అయితే ఆ జోసెఫ్ కూడా అంతేగా?"

"అంతే."

"మరి ఎర్నెస్ట్..."

హిల్డా తలుపు వేసుకుంది. మూడు రోజులు బయటికి రాలేదు. ఆ పుస్తకం వందేళ్ళుగా ఎవరూ తెరవలేదు, ఇంకో వందేళ్ళు తెరవరు. ఇల్లు ఇచ్చేసి నోరు మూసుకుంటే ఊళ్ళో కాకికి కూడా తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు సిగ్గేసింది. మూడో రోజు క్లైవ్‌కు ఉత్తరం రాసింది: ఇల్లు మీదే, ఈ ఆదివారం పిలుపు, చర్చికి రండి. తర్వాత పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది.

"మంచి పని చేశారు హిల్డా గారూ. అయితే అంతమందిలో ఆ పాత సంగతి తవ్వడం ఎందుకు? పోయినాయన లేచి రాడు కదా."

"రాడు. అందుకే ఆయన్ని పిలవాలి."

"పిలుపు ఆ ఏడు పోయినవాళ్ళకేగా? ఆయన పోయి ఎనిమిదేళ్ళు. రూలు..."

"రూలు నాకు చెప్తున్నారా పాస్టరు గారూ?"

ఆయన జాబితా తీసి సంతకం పెట్టారు.

ఆదివారం జల్లు పడుతోంది. పద్నాలుగు మంది థాక్రిగ్‌లు వచ్చారు. క్లైవ్ వెనక బల్ల మీద, పాత బస్సు డ్రైవరు కోటు వేసుకుని కూర్చున్నాడు. బల్ల మీద రొట్టెలు పేర్చి ఉన్నాయి. పిలవడానికి ముందు హిల్డా ఆంథోనీ ప్రాట్ సంగతి చెప్పింది, తను రాసిన ఉత్తరం సంగతి చెప్పింది, ఆ వాక్యాన్ని కూడా మాట పోకుండా చెప్పింది. "తప్పు నాది. ఇంకెవరిదీ కాదు. మనం యాభై ఎనిమిది మందిమి కాదు, అరవై ఏడుగురం," అంది. ఎవరో దగ్గారు. ముందు వరసలో ఒక ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

ఒక్కొక్క పేరే పిలిచింది. ఒక్కొక్కరే 'ఉన్నాను' అని వచ్చి రొట్టె తీసుకున్నారు. వాళ్ళతోపాటు క్లైవ్‌ను కూడా పిలిచింది. అతను కూర్చున్న చోటి నుంచే పలికాడు, లేవలేదు.

"ఎర్నెస్ట్ థాక్రిగ్," అంది హిల్డా.

క్లైవ్ లేచాడు.

"ఉన్నాడు," అన్నాడు.

నడిచి ముందుకు వచ్చాడు. హిల్డా రొట్టెను రెండు చేతులతో అందించింది. అతను చేయి చాపలేదు.

"నాన్న మీ ఉత్తరం చివరిదాకా పర్సులో పెట్టుకున్నాడండీ," అన్నాడు మెల్లగా, కోపం లేకుండా. "ఎవరైనా పేరడిగితే చెప్పబోయి ఒకసారి ఆగేవాడు. ఆశ్రమంలో నర్సులు అడిగినా అంతే. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, తన పేరు తను చెప్పుకోడానికి ఆగేవాడు."

హిల్డా రొట్టెను ఇంకా చాచే పట్టుకుంది.

"ఇల్లు తీసుకుంటాను, నాకు వేరే దారి లేదు. రొట్టె కూడా తీసుకుంటాను, అది నాన్నది. మీ చేత్తో మాత్రం వద్దు."

పాస్టరు గారు దగ్గరికి వచ్చి, హిల్డా చేతుల్లోంచి రొట్టె తీసి క్లైవ్‌కు ఇచ్చారు. అతను దాన్ని కోటు లోపల పెట్టుకుని, తన వాటా అడక్కుండానే, వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

జాబితాలో ఒక్క పేరు మిగిలింది. పిలిచేవాళ్ళు ఆఖరున తమ పేరు తామే పిలుచుకుని, తామే పలకాలి. ముప్ఫై ఏళ్ళుగా ఆమె ఆ పని గొంతెత్తి చేసేది.

"హిల్డా థాక్రిగ్," అంది.

పలకబోయి, ఆగింది.