గంగరత్నమ్మగారి హాలు

కవరు తెరిచి ఇంకొక్కసారి చూస్తే ఏమైపోతుంది, ఇప్పటికే మూడుసార్లు చూశాను, తెనాలిలో రైలు కదలగానే ఒకసారి, చినరావూరు దాటాక ఒకసారి, వేమూరులో పాలక్యాన్లు ఎక్కిస్తున్నంతసేపూ ఒకసారి, చూసిన ప్రతిసారీ గోడలు నిలువుగానే ఉన్నాయి, కిటికీల్లోంచి వెలుతురు అలాగే దిగి నేల మీద పరుచుకునే ఉంది, ఫొటో కదా, మారదు కదా, అయినా అంచు పట్టుకుని మళ్ళీ బయటికి లాగుతున్నాను, ఇది నేను తీసిందేనా, పద్నాలుగేళ్ళు స్టూడియో వెనకగదిలో ఎర్రబల్బు కింద ఇంకొకళ్ళు తీసిన ఫొటోలు కడిగిన దేవకుమారి తీసిందేనా ఇది, ఎదుటి సీట్లో గంపతో కూచున్నావిడ మెడ సాచి, ఏంటమ్మా అది, పెళ్ళి ఫొటోనా అని అడిగింది, కాదండి, ఇల్లు అన్నాను, మనుషులెవరూ లేరేంటి అంది, అవునండి, లేరండి అని కవరు మూసేశాను, నా భయమూ అదే.

ఎందుకంటే ఈ ఫొటోలో ఒక మనిషి ఉండాలి, ఇల్లుగలావిడ గంగరత్నమ్మగారు, నేను తీస్తుండగానే హాలు ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి వెళ్ళారు, నా రెండు కళ్ళతో చూశాను, ఫొటోలో మాత్రం లేరు, కొంగు అంచు కూడా లేదు, ఇంకో గంటలో రేపల్లెలో దిగి దీన్ని ఆవిడ చేతిలో పెట్టాలి, చేపల రేవులో మగవాళ్ళతో వేలంపాట పాడి బేరాలు తెంచే మనిషి, మాట మెత్తగా ఉండదు, నా ఇంట్లో నన్ను లేకుండా చేశావేమే అంటే ఏం చెప్పను, పక్కన హనుమంతరావుగారు కూడా ఉంటారు, ఈ ఫొటో నచ్చకపోతే ఇక నీకు పని లేదు చెల్లెమ్మా అని ఆయన ముందే చెప్పారు.

హనుమంతరావుగారిది బాపట్ల, ఇళ్ళూ స్థలాలూ అమ్మిపెడుతుంటారు, కిందటేడు స్టూడియో ఓనరుగారు కొట్టు మూసేసి, పాత కెమెరా ఒకటి నా చేతిలో పెట్టి, ఇది నువ్వే ఉంచుకో, అన్ని ఫొటోలు కడిగావు, నాలుగు తియ్యలేవా అని వెళ్ళిపోయాక, ఏం చెయ్యాలో తెలియకుండా కూచున్న రోజుల్లో వచ్చారాయన, గుంటూరులో హైదరాబాదులో ఉండే పార్టీలు ప్రతి ఇల్లూ వచ్చి చూసుకోలేకపోతున్నారు, ఆల్బం పంపిస్తే సగం బేరం అక్కడే అయిపోతుంది అన్నారు, ఇళ్ళకి ఫొటోలేంటండి అన్నాను, పెళ్ళికి తీస్తారు, పుట్టినరోజుకి తీస్తారు, మనిషి పోతే తీస్తారు, గోడలకి ఎవరు తీయిస్తారు, ఆయన నవ్వలేదు, పొన్నూరు, చెరుకుపల్లి, బాపట్ల కలిపి పదకొండు ఇళ్ళున్నాయి నా దగ్గర, ముందు రేపల్లె ఇల్లొకటి తీసి చూపించు, కుదరకపోతే గుంటూరులో అన్ని సామాన్లూ ఉన్న మనిషి ఉన్నాడు అన్నారు, అన్ని సామాన్లూ అన్న మాట అప్పట్నించి చెవిలోనే ఉండిపోయింది, నా దగ్గర ఉన్నది ఒక కెమెరా, దానికున్న ఒక్క లెన్సు.

ఆ లెన్సుతో మొదటిసారి ఆ హాల్లో నిలబడితే, అబ్బ, ఎంత సిగ్గుపడ్డానో, వీపు గోడకి ఆనేదాకా వెనక్కి జరిగాను, కళ్ళకి పొడుగాటి హాలు, అయిదు టేకు దూలాలు, మూడు కిటికీలు, కెమెరాలో మాత్రం రెండు కుర్చీలు, అరకిటికీ, లెన్సు మనుషుల ముఖాలకి చేసింది, ఇంటిని పట్టడం దానివల్ల కాదు, పైగా చీకటి, అడిగి తెచ్చుకున్న ఫ్లాష్ వేశాను, కుర్చీలు తెల్లగా సున్నం కొట్టినట్టు వచ్చాయి, వాటి వెనకాల నుయ్యిలా నలుపు, ఆ ఫొటో గంగరత్నమ్మగారు ఒక్క చూపు చూసి తిరిగి ఇచ్చేశారు, ఇది మా కోళ్ళగూడు, ఇల్లు కాదు అన్నారు, అని తన పనిలో పడిపోయారు, ఆవిడకి ఇల్లు అమ్ముడుపోవాలి, నిజాంపట్నంలో ఇంజను పడవ చూసిపెట్టుకున్నారు, ఇల్లు నీళ్ళ మీద పోదు కదమ్మా, పడవ పోతుంది, ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే, పడవ మీద ఏడుగురు బతుకుతారు అని అదేదో కూర ధర చెప్పినంత తేలిగ్గా చెప్పారు, వర్షాలు మొదలవకముందే కావాలి ఆవిడకి, మాట్లాడుతున్నంతసేపూ తిరుగుతూనే ఉన్నారు, ఐసుపెట్టె మూత చూశారు, వలలు అడిగిన మనిషికి జవాబు చెప్పారు, ఆవిడ కూచోగా నేను చూడలేదు.

పెనుమర్రు వచ్చినట్టుంది, కాలవ పక్కన నారుమళ్ళు, ఎంత పచ్చ, ఇదే కిటికీలోంచి కెమెరా పెట్టి చూస్తే ఎంతవరకు పడుతుందో, ఈ మధ్య ఏం చూసినా ఇదే లెక్క, వెంకటప్పయ్యగారి కొట్లో ఆ రోజునుంచీ ఇంతే, తెనాలి స్టేషను దగ్గర కెమెరాలు బాగుచేసే ముసలాయన, పాతవి అమ్ముతారు కూడా, బల్ల మీద మూడు వస్తువులు పెట్టారు, మంచి ఫ్లాష్ ఒకటి, ముందు అద్దం మీద గీత పడ్డ వైడ్ లెన్సు ఒకటి, కాళ్ళు మడతపడే చెక్క స్టాండు ఒకటి, నేను తీసుకోగలిగితే ఫ్లాష్ ఒక్కటే తీసుకోవాలి, లేదా గీతపడ్డ లెన్సూ స్టాండూ కలిపి తీసుకోవాలి, అందరూ ఫ్లాష్ అనే అన్నారు, చీకటిగా ఉంటే లైటు వేస్తారు గానీ స్టాండు వేస్తారా అని హనుమంతరావుగారు కూడా అన్నారు, నేనూ ఫ్లాష్ మీదే చెయ్యి వేశాను, వెంకటప్పయ్యగారు ఆ లెన్సు నా కెమెరాకి తిప్పి బిగించి, ఒకసారి కంటికి పెట్టుకో అమ్మాయ్ అన్నారు.

పెట్టుకున్నాను, ప్రభువా, కొట్టు మొత్తం వచ్చేసింది, బల్ల, బల్ల వెనక ఆయన, ఆయన తలమీద గడియారం, కుడివైపు తలుపు, తలుపులోంచి రోడ్డు, రోడ్డు మీద రిక్షా, ఎడమవైపు బీరువా, పైన వాసాలు, కింద నా చెప్పుల కొసలు కూడా, అడుగు వెనక్కి వెయ్యలేదు నేను, నిలబడ్డచోటే నిలబడ్డాను, ప్రపంచమే నాలుగడుగులు వెనక్కి జరిగి ఇదిగో చూడు అన్నట్టు నిలబడింది, కెమెరా దించితే మళ్ళీ అదే ఇరుకు కొట్టు, ఎత్తితే అంత విశాలం, చిన్నపిల్లలా దించీ ఎత్తీ దించీ ఎత్తీ, ఆయన అలా చూస్తూ కూచున్నారు, మరి చీకటో బాబాయిగారూ అన్నాను, అప్పుడు చెప్పారాయన, లైటు కొనుక్కోలేనివాళ్ళు టైము వాడుకోవాలమ్మా, స్టాండు మీద కదలకుండా పెట్టి కెమెరా తలుపు, అదే షట్టరు, తీసి ఉంచు, ఉన్న వెలుతురే కొంచెం కొంచెం వచ్చి పోగవుతుంది, గీత ఫొటోలో పడదు, ఎండ సూటిగా లెన్సు మీద పడకుండా చూసుకో, చాలు, నాకు నమ్మకం కుదరలేదు, కుదరకుండానే ఫ్లాష్ మీంచి చెయ్యి తీసేశాను, లెన్సూ స్టాండూ పట్టుకుని ఇంటికొచ్చి రాత్రంతా భయపడ్డాను.

మా అన్నయ్య లూకా తాపీపని చేస్తాడు, ఆ లెన్సుతో నేను మొదట తీసిన కొట్టు ఫొటో చూసి, గోడలు వెనక్కి వాలిపోతున్నాయేంటే అన్నాడు, కెమెరా కాస్త పైకెత్తితే ఆ లెన్సుకి అంతే, గోడలు పడిపోతున్నట్టే ఉంటుంది అన్నాను, దానికేముంది, గోడ కట్టేటప్పుడు మేం చూసుకోమా అని తన రసమట్టం తెచ్చి ఇచ్చాడు, గాజుగొట్టంలో బుడగ మధ్యకొస్తే మట్టంగా ఉన్నట్టు, దాన్ని కెమెరా నెత్తిన పెట్టి చూసుకున్నాను రేపల్లెలో, బుడగ అటూ ఇటూ ఊగి ఊగి మధ్యలో ఆగింది, లెన్సు కంత బాగా చిన్నది చేశాను, పొద్దున్న పదిన్నర, కెమెరాకి తగిలించిన కేబులు నొక్కి పట్టుకుని ముప్పై లెక్కపెట్టాలి, తొమ్మిదో పదో అయింది, గంగరత్నమ్మగారు వంటింట్లోంచి బిందెతో వచ్చి హాలు మధ్యనుంచి వీధిగుమ్మంలోకి నడిచి వెళ్ళిపోయారు, చెప్పడం మర్చిపోయాను ఆవిడకి, పోయింది, ఫిల్ము పోయింది, పని పోయింది అనుకుంటూనే చెయ్యి తియ్యలేదు, ఎందుకు తియ్యలేదో తెలియదు, ముప్పైదాకా లెక్కపెట్టాను, బయటికొస్తే మబ్బు కమ్మేసింది, మళ్ళీ తియ్యడానికి వెలుతురు లేదు.

నిన్న మధ్యాహ్నం వెంకటప్పయ్యగారి వెనకగదిలో కడిగాను, వేలసార్లు చూసిందే, తెల్లకాయితం మందునీళ్ళలో పడెయ్యడం, ఊపడం, ముందు కళ్ళు వస్తాయి, తరవాత మీసం, నగలు, ఎవరి పెళ్ళో ఎవరి పిల్లాడో, కానీ నిన్న ముందు కిటికీ ఊచలు వచ్చాయి, సన్నగా, తరవాత నేల, నేల మీద కిటికీ నీడ, తరవాత ఒక్కొక్క దూలం, ఒకటి, రెండు, అయిదూ, దూలం కొసన వడ్రంగి చెక్కిన పువ్వు, ఆ పువ్వుందని నాకే తెలియదు, ఆ మూల చీకట్లో నా కంటికి కనపడలేదు, ముప్పై సెకన్లు ఓపిక పట్టిన ఫిల్ముకి కనపడింది, గంగరత్నమ్మగారి కోసం వెతికాను, ఆవిడ నడిచిన దారి పొడుగునా నేల తళతళా మెరుస్తోంది, ఆవిడ లేరు, తొట్టి అంచు పట్టుకుని నిలబడిపోయాను, చర్చిలో పాట ఆగిపోయాక ఒక నిమిషం ఎవరూ దగ్గరు కూడా, అలా ఉంది ఆ గది.

రేపల్లె, రేపల్లె, దిగాలి, కవరు, సంచి, స్టాండు, హనుమంతరావుగారు ప్లాట్‌ఫారం మీదే ఉన్నారు, నిలబడే కవరు విప్పారు, అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు, నేను ఈ ఇంట్లో ఎన్నిసార్లు టీ తాగానో అన్నారు, అంతే అన్నారు, దారిలో నడుస్తూ ఉండగా మిగతా పదకొండు ఇళ్ళ వరస చెప్పడం మొదలుపెట్టారు, చెరుకుపల్లిది ముందు, పొన్నూరుది తరవాత, నాకు సగం వినపడలేదు, ఆవిడ ఏమంటారో.

గంగరత్నమ్మగారు వాకిట్లో నిలబడి ఎవరికో డబ్బాల లెక్క చెప్తున్నారు, చెయ్యి తుడుచుకుని ఫొటో అందుకున్నారు, దగ్గరగా చూశారు, దూరంగా పెట్టి చూశారు, లోపలికి వెళ్ళి హాలు మధ్యలో నిలబడి ఫొటోనీ హాలునీ మార్చి మార్చి చూశారు, అప్పుడు అడిగారు, నేను బిందె పట్టుకుని పోయాను కదా, నేనేదమ్మా, చెప్పక తప్పలేదు, మీరు ఆగలేదండి పిన్నిగారూ, ఆగినవే దీంట్లో పడతాయి, నడిచేవాళ్ళు పడరండి అన్నాను, కోపం వస్తుందనుకున్నాను, రాలేదు, తల పైకెత్తి మూలదూలం దగ్గరికెళ్ళి ఆ చెక్కిన పువ్వును వెతుక్కున్నారు, ఇరవైరెండేళ్ళయింది ఈ ఇల్లు కట్టి అన్నారు, ఇదిక్కడ ఉందని నాకెవరూ చెప్పలేదు అన్నారు, అమ్మేస్తాను, అందులో మాటేం లేదు, పడవ కావాలి, అమ్మేలోగా నన్ను కూడా దీంట్లో పడేట్టు ఒకటి తీస్తావా అన్నారు.

ఇప్పుడు ఆవిడ కిటికీ పక్కన కుర్చీలో కూచున్నారు, బుడగ మధ్యలో ఆగింది, కేబులు నొక్కి పట్టుకున్నాను, ఒకటి, రెండు, మొదట్లో బిగుసుకుపోయి ఉన్నారు, పడవ కొయ్యలా, ఎనిమిది, తొమ్మిది, వాకిట్లో ఎవరో పిలిచారు, ఆవిడ పలకలేదు, హనుమంతరావుగారు గుమ్మంలోనే ఆగిపోయారు, పద్నాలుగు, భుజాలు నెమ్మదిగా దిగాయి, చేతులు ఒళ్ళో ఒకదాని మీద ఒకటి వాలాయి, ఆ చేతులకి ఖాళీగా ఉండడం కొత్త, ఇరవై, కిటికీలోంచి వచ్చిన వెలుతురు ముందు ఆవిడ మోకాళ్ళ మీద ఉంది, తరవాత చేతుల మీద, చెంప మీద, లేదు, అది కదల్లేదు, అక్కడే ఉంది, నేనే ఇప్పుడు ఒక్కొక్కటీ చూస్తున్నాను, అయిందా అని పెదవులు కదపకుండా అడిగారు, ఇంకాస్త ఉండండి అన్నాను, నిజానికి ముప్పై దాటిపోయింది, లెక్క వదిలేశాను, ఇంత వెలుతురు నేను తెచ్చింది కాదు, కొన్నది కాదు, ఈ ఇంట్లోకి ఇరవైరెండేళ్ళుగా రోజూ పొద్దున్నే వస్తూనే ఉంది, దాని ఎదురుగా ఊరికే కూచున్నది ఇవాళే, ఆవిడా, నేనూ.